నింద పడినవాడును, నమ్మిన ఊరును



ఈ నెల మీ ముందు ఒక ప్రశ్న ఉంచగోరుచున్నాను. అబద్ధమును కల్పించినవాడు దోషియని మనమందరము ఒప్పుకొందుము. పదిమందిలో నిలిచి ఆ అబద్ధమునకు సాక్ష్యము పలికినవాడును దోషియే. అయితే తాను కల్పింపక, సాక్ష్యము పలుకక, వినినదానిని ఊరకే నమ్మి, సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఇరుగుపొరుగువారితో చెప్పుకొన్నవాని మాట యేమి? అతడు దోషియా, నిర్దోషియా? "అందరును అనుకొనుచుండగా నేనును అంటిని, అంతే గదా" అని చేతులు దులుపుకొనవచ్చునా? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, దీనినిబట్టియే కొందరి బ్రదుకులు నిలుచుచున్నవి, కొందరి బ్రదుకులు కూలుచున్నవి.

ఈ ప్రశ్న ఒక సినిమా మూలముగా తలంపునకు వచ్చినది. ఈ పుటలలో సినిమా ప్రసంగము ఏల యని పెద్దలు కొందరు అడుగవచ్చును. మన పిల్లలు చూచుచున్నదానిని గూర్చి మనము వారితో మాటలాడకపోయిన యెడల, దానినుండి వారేమి నేర్చుకొనుచున్నారో మనకెట్లు తెలియును? కాబట్టి కొంచెము ఓపికతో వినుడి.

2018 ఆగస్టు 3న 'గూఢచారి' అను తెలుగు చిత్రము విడుదలయ్యెను. దానికి దర్శకుడు శశికిరణ్ తిక్క, కథానాయకుడు అడివి శేష్. 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116' నాటినుండియు తెలుగువారికి ఈ జాతి కథలయందు మక్కువ యున్నది. 2018 నాటి చిత్రములోని కథ ఇది. తండ్రి దేశసేవలో ప్రాణము విడిచెనని వినుచు పెరిగిన పిల్లవాడు ఒకడు, తానును అట్టి సేవలోనే చేరగోరి, పలుమారులు నిరాశపడి, తుదకు 'త్రినేత్ర' అను రహస్య సంస్థలో చేర్చుకొనబడును. ఆ సంస్థ కథకుల కల్పన. శిక్షణ ముగిసిన కొలది కాలమునకే సంస్థ పెద్దలు హత్య చేయబడుదురు. ఆ నేరము ఈ యువకునిమీదనే పడునట్లు శత్రువులు పన్నియుందురు. అన్నము పెట్టిన సంస్థయే అతనిని ద్రోహియని వేటాడును. అతడు పరుగెత్తుచు, పోరాడుచు, తన పేరు తానే కడుగుకొనవలసివచ్చును.

చీకటి హాలులో కూర్చున్న మనకు అతడు నిర్దోషియని తెలియును. ఆ హత్యలు అతడు చేయలేదని మనము కన్నులార చూచితిమి. కాబట్టి అతడు పరుగెత్తునప్పుడు మన గుండెయు అతనితోకూడ పరుగెత్తును. అతనిని తరుముచున్న తోటి ఉద్యోగులను చూచి, "ఎంత గుడ్డివారు! ఇంతమాత్రము గ్రహింపలేరా?" అని విసుగుకొందుము. తణుకులోనేమి, తాడేపల్లిగూడెములోనేమి, ఏలూరులోనేమి, టిక్కెట్టు కొనిన ప్రతివాడును నింద పడినవాని పక్షముననే కూర్చుండును. తరుమువారి పక్షమున కూర్చుండువాడు ఒక్కడును ఉండడు.

హాలు వెలుపలికి వచ్చిన తరువాత సంగతి వేరు. బయట మనకు ఎవరును కథను మొదటినుండి చూపరు. పోలీసు జీపు వచ్చి వాకిట ఆగిన ఘడియ మాత్రమే కనబడును. తలవంచుకొని జీపు ఎక్కినవాని ముఖము మాత్రమే కనబడును. అప్పుడు మనము ఎవరి పక్షమున నిలుచుచున్నాము? సినిమాలో ఎవరిని చూచి గుడ్డివారని విసుగుకొంటిమో, వారి గుంపులోనే గదా నిలుచుచున్నాము!

ఇది ఊరక అనుచున్న మాట కాదు. ఆ చిత్రము విడుదలయిన సరిగా ఆరు వారములకు, 2018 సెప్టెంబరు 14న, మన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. నంబి నారాయణన్ అను రాకెట్టు శాస్త్రవేత్తను పోలీసులు అనవసరముగా అరెస్టు చేసి వేధించిరనియు, ఆయనకు కేరళ ప్రభుత్వము 50 లక్షల రూపాయలు పరిహారముగా చెల్లింపవలెననియు ఆ తీర్పు. ఆయనమీద మోపబడిన నేరమేమి? దేశ రహస్యములను పరాయివారికి అమ్మెనని. గూఢచర్యపు నింద పడినది 1994లో, ఆ తీర్పు వచ్చినది 2018లో. సినిమాలో రెండున్నర గంటలలో తీరిన చిక్కు లోకములో తీరుటకు 24 ఏండ్లు పట్టెను.

ఆయన ఎవరు? 1941లో నాగర్‌కోయిలులో జన్మించినవాడు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో రాకెట్టు ఇంజనుల విద్య నేర్చి, స్వదేశమునకు తిరిగి వచ్చి, ద్రవ ఇంధనముతో నడచు ఇంజనులను తయారుచేయు పనికి తన యౌవనమంతయు ధారపోసెను. ఫ్రాన్సు దేశపు ఇంజనీర్లతో కలిసి పనిచేసి, 'వికాస్' అను ఇంజనును మన దేశములో నిలిపిన బృందమునకు ఆయన నాయకుడు.

ఆ ఇంజను మన తణుకునకు పరాయిది కాదు. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో ఇక్కడ చక్కెర కర్మాగారముగా ఆరంభించిన ఆంధ్రా షుగర్స్ సంస్థ, 1980ల కాలములో ఇస్రో కొరకు రాకెట్టుల ద్రవ ఇంధనమును తణుకులోనే తయారుచేయ మొదలుపెట్టెను. చెరకు బండ్లు నడచిన ఊరినుండి రాకెట్టు ఇంధనమును బయలుదేరెను. వికాస్ ఇంజను మండునది అట్టి ఇంధనముతోనే. 2008లో చంద్రుని యొద్దకును, 2013లో అంగారకుని వైపునకును మన దేశము పంపిన నౌకలు శ్రీహరికోటనుండి లేచినప్పుడు, ఆ రాకెట్టులలో వికాస్ ఇంజను పనిచేసెను. కావున ఈ మనుష్యుని కథ ఎక్కడో మలయాళ దేశపు కథయని మనము కొట్టివేయరాదు.

1994 అక్టోబరు 15న పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొట్టమొదటి మారు విజయవంతముగా ఎగిరెను. దాని రెండవ అంతస్తులో మండినది వికాస్ ఇంజనే. ఆ సంతోషము జరిగి ఏబది దినములైనను నిండకముందే, నవంబరు 30న, ఆయనను తిరువనంతపురములో అరెస్టు చేసిరి. ఏబది దినములు నిర్బంధములో ఉంచిరి. విచారణ పేరట తన్ను కొట్టి హింసించిరని ఆయన తరువాత చెప్పెను. ఆయనతోకూడ మరి ఐదుగురు నిందితులైరి. వారిలో ఇద్దరు మాల్దీవుల దేశపు స్త్రీలు. వారములకొలది పత్రికలు ఆ వార్తతో నిండెను. ఉన్నవియు లేనివియు కలిసి కథలు పుట్టెను. దేశమును అమ్ముకొన్నవాని ఇల్లని జనులు ఆ ఇంటిని వ్రేలుపెట్టి చూపిరి.

తరువాత విచారణ సి.బి.ఐ. చేతికి వచ్చెను. 1996లో ఆ ఆరోపణలకు ఆధారము లేదని సి.బి.ఐ. నివేదిక ఇచ్చెను, కోర్టు దానిని అంగీకరించెను. అంతటితోనైనను ముగిసెనా? రాష్ట్ర ప్రభుత్వము మరల విచారణ జరుప బూనగా, 1998లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. పోయిన మానమునకు లెక్క చెప్పుడని ఆయన అక్కడినుండి మరి 20 ఏండ్లు కోర్టుల మెట్లెక్కెను. 2019లో ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ్ బిరుదమిచ్చెను. అరెస్టునాడు ఏబది మూడేండ్లు నిండబోవుచున్న మనుష్యునికి, బిరుదు వచ్చునప్పటికి డెబ్బది ఏడు.

చదువరులారా, ఇప్పుడు మొదటి ప్రశ్న యొద్దకు వత్తము. ఈ మనుష్యునికి ఇంత నష్టము చేసినది ఎవరు? తప్పుడు కేసు పెట్టినవారని మీరు చెప్పుదురు. నిజమే. కాని వారు కొద్దిమంది. ఆ కొద్దిమంది మాత్రమే ఆయనను ద్రోహియని యెంచి, తక్కిన లోకమంతయు "తీర్పు రానిండు, చూతము" అని యుండిన యెడల, ఆయన చెర యొక చెరగానే ఉండెడిది. వీధి ఆయనకు చెర అయ్యెడిది కాదు. ఏబది దినముల నిర్బంధము పోలీసుల పని. తరువాతి ఏండ్ల నిర్బంధము నమ్మినవారి పని.

నాబోతు కథ మీకు తెలిసినదే. యెజ్రెయేలులో అతనికి ద్రాక్షతోట యొకటి ఉండెను, రాజు దానిని కోరెను, అతడు ఇయ్యనొల్లలేదు. ఆ కుట్రలోనివారిని లెక్కించుడి. ఉత్తరములు వ్రాసిన రాణి ఒకతె. అబద్ధ సాక్ష్యము పలికిన పనికిమాలినవారు ఇద్దరు. ఉత్తరమునకు లోబడిన పెద్దలు కొందరు. అయితే రాళ్ళు విసరిన చేతులు ఎన్ని? ఆ ప్రజలలో ఎందరికో ఉత్తరముల సంగతి తెలియదు. ఇద్దరు సాక్షులు చెప్పిరి, పెద్దలు తలయూచిరి, వారు నమ్మిరి. అది ఉపవాస దినముగా చాటబడిన దినము. వారు భక్తితో కూడుకొనిరి, భక్తితోనే రాళ్ళు పట్టుకొనిరి. వారిలో ఒక్కడు, "నాబోతు ఇన్నాళ్ళు మన మధ్య బ్రదికెను గదా, ఇతడు ఇట్టివాడేనా?" అని అడిగిన యెడల ఏమయ్యెడిదో! అడిగినట్లు వ్రాయబడలేదు.

తణుకులో తయారయిన ఆ ఇంధనమునుండియే ఒక ఉపమానము చెప్పుదును. వికాస్ ఇంజనులో ఇంధనమును మండించుటకు అగ్గిపుల్ల అక్కరలేదు, నిప్పురవ్వయు అక్కరలేదు. ఒక తొట్టిలో ఇంధనము, వేరొక తొట్టిలో దానిని మండించు మరియొక ద్రవము ఉండును. ఎక్కడివక్కడ ఉన్నంత సేపు రెండును నిమ్మళముగా ఉండును. కవాటము తెరచి రెంటిని కలిపినంతనే భగ్గున మంట లేచును. నిందయు అట్టిదే. అబద్ధము పలుకువాని నోట ఉన్నంత సేపు అది ఎవరిని కాల్చదు. వినుటకు సిద్ధముగా ఉన్న చెవి దానికి తగిలినప్పుడే మంట పుట్టును. ఆ మంటలో సగము పలికినవానిది, సగము వినినవానిది. మధ్యనున్న కవాటము మాత్రము వినువాని చేతిలోనే ఉన్నది.

ఇక్కడ బుద్ధిమంతుడైన చదువరి యొకడు నన్ను ఆపి అడుగును: "అయ్యా, పోలీసులను నమ్మక, పత్రికలను నమ్మక సంసారము ఎట్లు చేయుట? నిజముగా దేశద్రోహులును, దొంగలును లేరా? నీవు చెప్పినట్లు అందరిని మంచివారని యెంచిన యెడల, దొరకవలసినవాడును తప్పించుకొనును గదా!"

ఈ ఆక్షేపణ న్యాయమైనది. ద్రోహులు ఉన్నారు. దొంగలును ఉన్నారు. అనుమానింపవలసినవాడు అనుమానింపక నిద్రపోయిన యెడల ఊరు దోపిడి యగును. అయితే అనుమానించుట వేరు, తీర్పు తీర్చుట వేరు. అనుమానము అధికారి పని. దానికి చట్టము ఉన్నది, గడువు ఉన్నది, ఎదురు ప్రశ్న ఉన్నది, తప్పినచో పై కోర్టు ఉన్నది. అరుగుమీది తీర్పునకు వీటిలో ఏదియు లేదు. నిందితుని పిలువము, అతని మాట వినము, సాక్షిని ప్రశ్నింపము. ఒక్క పూటలో శిక్ష వేయుదుము. ఆ శిక్షకు అప్పీలు లేదు. నేను మిమ్మును మానుమనుచున్నది ఈ తీర్పును మాత్రమే. తాళము వేసికొనుట మానుకొనుడని నేను చెప్పలేదు.

యోసేపు చెరసాలలో పడినప్పుడు, ఆ చెరసాల అధిపతికి యోసేపు నిర్దోషియని ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. యజమానుని భార్య చేతిలో మిగిలిన వస్త్రము యోసేపునకు విరోధముగా సాక్ష్యముండెను. అది నిజమైన వస్త్రమే, దానిచేత చెప్పించిన కథ మాత్రమే అబద్ధము. అయినను ఆ అధిపతి తలుపు తెరచి అతనిని విడిచిపెట్టలేదు, అది అతని అధికారములో లేదు. అతడు చేసినది వేరు. తన కన్నుల యెదుట ఈ మనుష్యుడు ఎట్లు నడచుచున్నాడో చూచి, దానినిబట్టి అతనికి పని అప్పగించెను. తెలిసినదానిని నమ్మెను, తెలియనిదానిని తీర్పునకు విడిచెను. చట్టమును మీరకుండ, మనుష్యుని త్రొక్కకుండ ఉండుటకు ఇంతకన్న వేరు త్రోవ యేమున్నది?

మరియొక సంగతి. నమ్మకముందు ఒక చిన్న ప్రశ్న అడుగుట ఎంత మేలో చూడుడి. నంబి నారాయణన్ అమ్మెనని చెప్పిన రహస్యములలో ముఖ్యమైనది క్రయోజెనిక్ ఇంజను రహస్యము. అనగా మిక్కిలి చల్లబరచి ద్రవముగా మార్చిన వాయువులను మండించు ఇంజను. 1994 నాటికి ఆ విద్య మన దేశము చేతిలో లేనేలేదు. రష్యావారు దానిని మనకు నేర్పుదుమని ఒప్పుకొని, అమెరికా అడ్డుపడగా 1993లో నేర్పమనిరి, ఇంజనులు మాత్రమే ఇత్తుమనిరి. మనము స్వయముగా చేసికొన్న అట్టి ఇంజనుతో రాకెట్టు జయప్రదముగా ఎగిరినది 2014 జనవరి 5న. ఇంటిలో లేని బంగారమును దొంగిలించెనని ఒకనిని పట్టుకొన్నట్లున్నది ఈ కథ! "ఆ వస్తువు మన యొద్ద ఉన్నదా?" అని అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. కోపము వచ్చినప్పుడు మనము ఆ చిన్న ప్రశ్నను మరచిపోవుదుము. దేశమునుగూర్చిన కోపము, దేవునిగూర్చిన కోపము, ఆడపిల్లల మానమునుగూర్చిన కోపము, ఇవి మంచివారికి వచ్చు కోపములు. అందుచేతనే కుట్ర చేయువారు వీటినే వాడుకొందురు. నాబోతుమీద తోట తగాదా నేరము మోపలేదు, దైవదూషణ నేరమే మోపిరి.

ఇక మన ఊరికి రండి. పెండ్లి యింట ఒక గొలుసు పోవును. గిన్నెలు తోమ వచ్చినామె మీదనే మొదటి చూపు పడును. ఎవరును ఆమెను దొంగయని అనరు. "ఆమె ఆ గదిలోనికి వెళ్ళుట చూచితిని" అని ఒకరు మాత్రము అందురు. ఆ మాట నిజమే, ఊడ్చుటకు ఆమె వెళ్ళెను. సాయంకాలమునకు ఆ నిజము చుట్టు ఒక కథ అల్లుకొనును. మూడవ దినమున ఆ గొలుసు బియ్యపు బస్తా సందున దొరకును. దొరికిన వార్త ఆ యింటి వంటగది దాటి బయటికి రాదు. పోయిన వార్త మాత్రము అప్పటికే కాలువ దాటి పై ఊరు చేరియుండును. ఆ మనిషికి మరి నాలుగిండ్లలో పని పోవును. ఆమెపై ఎవరు అబద్ధమాడిరి? ఎవరును ఆడలేదు. అందరును కొంచెము కొంచెము నమ్మిరి, అంతే.

సంఘములలో కానుకల లెక్క తగ్గినప్పుడు ఏమగునో నేను చెప్పనక్కరలేదు. కూడికలో తప్పు ఉన్నదేమో అని పుస్తకము మరల చూచుటకు ముందే, పెట్టె తాళము ఎవరి యొద్ద ఉండెనో అందరికి జ్ఞాపకము వచ్చును.

ఇప్పుడు ఈ పనికి మనకు క్రొత్త పనిముట్టు ఒకటి దొరికినది. అరుగుమీద పలికిన మాట పది యిండ్లు తిరుగుటకు ఒక పూట పట్టెడిది. సెల్‌ఫోనులో ఒక మారు వ్రేలు తాకించిన యెడల నూరు ఊళ్ళకు పోవును. అదే 2018వ సంవత్సరపు వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని వాట్సాపులో పుకారు పుట్టెను. మన తెలుగు నాట కూడ ఆ పుకారు నమ్మి, దారిన పోవు అమాయకులను కొట్టిరి, ప్రాణములును పోయెను. జూలై 1న మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా అను గ్రామములో, భిక్షమెత్తుకొని బ్రదుకు సంచారజాతివారిని ఐదుగురిని గుంపుగా కూడి చంపిరి. ఆ నెలలోనే వాట్సాపువారు మన దేశములో ఒక సందేశమును ఒక్కమారుగా ఐదుగురికి మించి పంపకుండ హద్దు పెట్టవలసివచ్చెను. ఆలోచించుడి: ఆ సందేశములు పంపినవారిలో అధికులు దుర్మార్గులు కారు. పిల్లలమీద ప్రేమగల తండ్రులు, తల్లులు. వారు కల్పింపలేదు. నమ్మిరి, పంపిరి.

కావున నా ప్రశ్నకు ఉత్తరము చెప్పవచ్చునని తలంచుచున్నాను. నమ్మి తిప్పినవాడు నిర్దోషి కాడు. కల్పించినవానితో సమానమైన దోషి యనియు చెప్పజాలను, అట్లు చెప్పుట అన్యాయము. అతని పాలు చిన్నది. కాని ఆ చిన్న పాళ్ళన్నియు కూడకపోయిన యెడల పెద్ద కీడు జరుగదు. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ కోర్టు బోనులో నిలుచువారికి మాత్రమే ఇయ్యబడినదని మనము ఊరడిల్లరాదు. మార్టిన్ లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఆ ఆజ్ఞను వివరించుచు, పొరుగువానిమీద అబద్ధమాడకుండుట చాలదనియు, అతని పక్షమున మాటలాడి, అతని పనులకు మంచి అర్థమే తీయవలెననియు నేర్పెను. మన పెద్దలలో ఎందరో దానిని బాల్యమున కంఠస్థము చేసినవారే.

సినిమాను గూర్చి మరియొక మాట చెప్పవలెను. నింద పడినవాడు తుపాకి పట్టి, గోడలు దూకి, తన నిర్దోషత్వమును తానే నిరూపించుకొనునట్లు చిత్రము చూపును. చూచుటకు ఉత్సాహముగానే ఉండును. అయితే దానినుండి మన పిల్లలు ఒక తప్పు లెక్క నేర్చుకొనగలరు: నిర్దోషియైనవాడు ఎట్లయినను గెలుచును, గెలువనివానిలో ఏదో దోషము ఉండియే ఉండును అని. లోకములో అట్లు లేదు. నంబి నారాయణన్‌కు చదువుండెను, ఇంగ్లీషు భాష వచ్చును, కోర్టులు ఎక్కు ఓపిక ఉండెను. అయినను 24 ఏండ్లు పట్టెను. ఆయనతోకూడ నిందితులైన ఆ మాల్దీవుల స్త్రీలు పరదేశులు. వారు మూడేండ్లకు పైగా చెరలో ఉండిరి. ఆ ఆరుగురిలో మరియొకరు, సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెండు దినములకే, 2018 సెప్టెంబరు 16న కన్ను మూసెను. తీర్పునాటికే ఆయన స్మారకము లేక పడియుండెను. ఎన్నో ఏండ్లు ఎదురుచూచిన మాట ఆయన చెవిని పడలేదు. గెలువలేనివారును నిర్దోషులే కావచ్చునని మన పిల్లలకు నేర్పుడి. గిన్నెలు తోమునామె గోడలు దూకలేదు, తుపాకి పట్టలేదు. ఆమె పక్షమున ఎవరైన ఒకరు మాటలాడవలెను.

ఒకమారు అన్యాయము పొందినవాడు ఇక అన్యాయము చేయజాలడని కొందరు తలంతురు. ఇదియు సరి కాదు. ఐగుప్తులో అబద్ధపు నిందవలన చెరలో మ్రగ్గిన ఆ యోసేపే, అధికారి యయిన తరువాత, ధాన్యము కొనవచ్చిన తన అన్నలను చూచి వేగులవారని నిందించెను. పిమ్మట తమ్ముడైన బెన్యామీను గోనెలో తన వెండి గిన్నెను పెట్టించి, దొంగయని పట్టించెను. అది పరీక్ష కొరకే యని మనకు తెలియును. తుదకు అతడు తన్ను తాను అణచుకొనలేక బిగ్గరగా ఏడ్చి, నిజము తెలియజేసెను. అయినను ఆ గోనె విప్పబడిన ఘడియలో ఆ అన్నల గుండెలు ఎట్లుండెనో తలంచుడి. నింద యొక్క చేదు రుచిచూచిన చేతికే ఆ గిన్నె పెట్టించుట తెలిసెను. కాబట్టి "నేను బాధితుడను గనుక నా మాట నమ్ముడి" అని ఎవడును ప్రశ్న లేకుండ తప్పించుకొనరాదు.

ఈ నియమము పోలీసులకును వర్తించును. ఆ కేసు పెట్టిన అధికారులను గూర్చి విచారింపుడని 2021లో సుప్రీంకోర్టు సి.బి.ఐ.ని ఆజ్ఞాపించెను, 2024లో ఐదుగురు మాజీ అధికారులమీద అభియోగపత్రము దాఖలయ్యెను. ఈ వ్యాసము చదివి మీకు వారిమీద కోపము వచ్చియుండవచ్చును. ఆ కోపమును పరీక్షించుకొనుడి. తీర్పు వచ్చువరకు వారును నిందితులే గాని దోషులు కారు. మనకు నచ్చినవాని విషయమై పాటించిన నియమమును నచ్చనివాని విషయమైయు పాటింపనిచో, అది నియమమే కాదు, పక్షపాతము.

చివరకు, పేరు తిరిగి ఇచ్చుట అనునది ఒకటి ఉన్నది. 50 లక్షలు ఇచ్చిరి, బిరుదమిచ్చిరి. మంచిదే. కాని పేరు తీసినది ప్రభుత్వము మాత్రమే కాదు గనుక ప్రభుత్వము మాత్రమే దానిని తిరిగి ఈయజాలదు. వీధిలో తీసినదానిని వీధివారే ఈయవలెను. నింద పలుకునప్పుడు మన కంఠము ఎంత గట్టిగా పలికెనో, నిర్దోషియని తేలినప్పుడు అంత గట్టిగానే పలుకవలెను. గొలుసు దొరికిన దినమున, ఏ అరుగుమీద ఆ మాట పుట్టెనో ఆ అరుగుమీదనే, ఆ మనుష్యులు వినుచుండగానే, "మనము ఆమెను అన్యాయముగా అనుమానించితిమి" అని చెప్పుడి. ఆమె యింటికి నడచి వెళ్ళుడి. వాకిట నిలిచి మాటలాడి వచ్చుట కాదు, లోపల కూర్చుండి ఆమె ఇచ్చిన మంచినీరు త్రాగి రండి. ఏ నాలుగిండ్లలో ఆమెకు పని పోయెనో ఆ నాలుగిండ్లకు మీరే వెళ్ళి చెప్పుడి. ఫోనులో పంపిన అబద్ధము ఎందరికి పోయెనో, అది అబద్ధమను మాటను అందరికి పంపుడి. సంఘములో పుట్టిన మాటను సంఘములోనే సరిచేయుడి.

ఇది సిగ్గుగా ఉండును, నేనెరుగుదును. కాని ఆమె ఇన్ని దినములు మోసిన సిగ్గుతో పోల్చిన యెడల ఇది ఎంత? రేపు మీ వీధిలో ఒక జీపు ఆగవచ్చును. దిగినవారు ఎవరి పేరు అడిగినను, ఆ రాత్రి మీ అరుగుమీద మొదటి మాట మీ నోటనుండి రానీయకుడి. ఎవరైన తొందరపడి అడిగిన యెడల, "మనకు తెలియదు, తెలిసిన తరువాత మాటలాడుదము" అని చెప్పుడి. మరునాడు ఉదయమున ఆ యింటివారికి పాలు కావలెనో, పిల్లలను బడికి పంపవలెనో కనుగొనుడి.